వెండి శిలువ వెనకవైపు

కిందటి వారం మనం సుకుమారిని దోహాలోని అల్ సద్‌లో, మక్బూల్ కళ్ళజోళ్ళ షాపులో వదిలిపెట్టాం. ఆమె ముందు గాజు బల్ల మీద తాతగారి మెడల్ ఉంది. గోదావరి వరదలో ట్రంకుపెట్టెతో సహా కొట్టుకుపోయిందని ఇంటిల్లిపాదీ నమ్మిన మెడల్ అది. తాతగారి పేరు కొల్లాబత్తుల ఎడ్వర్డ్. సఖినేటిపల్లి నుంచి వెళ్ళి, రెండో ప్రపంచ యుద్ధంలో హరికేన్ విమానం నడిపిన తొలితరం యుద్ధ పైలట్. 1944 ఫిబ్రవరిలో అరకాన్ అడవుల మీద ఎగురుతూ కూలిపోయారు. రేపు శుక్రవారం దోహాలోని తెలుగువాళ్ళు ఆయన పేరిట సభ పెట్టారు. ఆయన ఒక్కగానొక్క కొడుకు, సుకుమారి తండ్రి సాలమన్ మాస్టారికి ఆ సభలో సన్మానం. తాతగారి ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే ఇవ్వమని సుకుమారి వాట్సాప్ గ్రూపులో అడిగితే, ముక్కూ మొహం తెలియని మక్బూల్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది: 'మెడల్ నా దగ్గర ఉంది. మీరు ఒక్కరే రండి.' ఆమె వెళ్ళింది. మెడల్ చేతిలోకి తీసుకుని తిరగేసింది. శిలువ కింది కొమ్మ మీద సంవత్సరం చెక్కి ఉంది. 1945.

సుకుమారి ఆ అంకెల మీద బొటనవేలు పెట్టి రుద్దింది. మురికైతే పోతుందనుకుంది. పోలేదు. వెండి కొద్దిగా నల్లబడింది గాని చెక్కిన గీతలు చెక్కుచెదరలేదు. పైన కట్టిన రిబ్బనులో ఊదారంగు చారలు, తెల్ల చారలు ఏటవాలుగా ఉన్నాయి. తెలుపు పసుపుగా మారింది.

షాపు షట్టరు సగం దించి ఉంది. మధ్యాహ్నం విరామం. సాయంత్రం దాకా ఎవరూ రారు. షట్టరు కింద నుంచి పేవ్‌మెంటు మీద నడిచే వాళ్ళ పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. గోడల నిండా అద్దాల అరలు. వాటిలో వరసగా పెట్టిన కళ్ళజోళ్ళన్నీ తననే చూస్తున్నట్టుంది ఆమెకి.

"ఇది పొరపాటై ఉంటుందండి," అంది. "మా తాతగారు పోయింది నలభై నాలుగులో. మా చర్చి గోడకి పాలరాయి మీద చెక్కించారు. నేను చిన్నప్పట్నుంచీ చదువుతున్నాను."

"చర్చిల ఏమున్నదో నాకు తెల్వది మేడం," అన్నాడు మక్బూల్. నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. బోధన్ నుంచి వచ్చి ఈ షాపు పెట్టుకుని చాలా ఏళ్ళయింది. మాట మెత్తన. "జర కూసోండ్రి. నిలబడి వినే ముచ్చట కాదు."

"నేను కూర్చోడానికి రాలేదు. ఇది మీ దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పండి."

"మా అమ్మిది. అమ్మికి వాళ్ల అబ్బా ఇచ్చిండు."

"ఆయనకి ఎవరిచ్చారు?"

మక్బూల్ చేతిలో ఉన్న కళ్ళజోడు తుడిచే గుడ్డను మడిచి బల్ల మీద పెట్టాడు.

"సర్కార్ ఇచ్చింది మేడం. పరేడ్‌ల నిలవెట్టి, కోటుకు గుచ్చి ఇచ్చింది."

సుకుమారి క్లినిక్‌లో స్కానింగ్ చేస్తుంది. రోజూ గర్భిణుల కడుపు మీద యంత్రం కదుపుతూ లోపలి బిడ్డను చూస్తుంది. బిడ్డ గుండె కొట్టుకోవడం లేదని తెర మీద కనిపించినా, డాక్టరు వచ్చి చెప్పేదాకా తన ముఖం కదలకూడదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అది అలవాటైంది. ఇప్పుడు కూడా ముఖం కదలలేదు. బల్ల పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

ఫోన్ తీసి నాగప్పగారికి చేసింది. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో చేసి రిటైరైన మనిషి, రేపటి సభకి పెద్ద. ఎడ్వర్డ్‌గారి గురించి ఆయనే మాట్లాడబోతున్నాడు.

"అంకుల్, చిన్న సందేహం. మా తాతగారికిచ్చిన ఆ క్రాస్ మీద ఏ సంవత్సరం వేస్తారు?"

"ఇచ్చిన సంవత్సరమమ్మా. మీ తాతగారిది నలభై నాలుగు అయి ఉంటుంది."

"చనిపోయాక ఇస్తే?"

"ఆ కాలంలో చనిపోయినవాళ్ళకి ఆ క్రాస్ ఇచ్చేవాళ్ళు కాదు. అది బతికున్నవాళ్ళ మెడల్. మీ తాతగారి పేరు ఆయన కూలిపోకముందే పైకి వెళ్ళుంటుంది, అట్లాంటప్పుడు ఇస్తారు. రేపు నేనదే చెప్తా, భలే ఉంటుంది వినడానికి. ఎందుకమ్మా అడిగినావు? మెడల్ ఏమన్నా దొరికిందా?"

"లేదండి," అంది సుకుమారి. "నాన్నగారు అడగమన్నారు."

ఫోన్ పెట్టేసి, ఆ అబద్ధం తన నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి తనే భయపడింది.

"ముందే పేరు వెళ్ళుంటే ఇస్తారట," అంది మక్బూల్‌తో. "కాగితాలు తిరిగి తిరిగి మరుసటేడు చెక్కి ఉంటారు. యుద్ధం రోజులు. వరదలో పోయిందనుకున్నాం గాని, మా ఇంటికి పంపింది దారిలోనే ఎవరి చేతికో చిక్కి ఉంటుంది. మీ అమ్మగారి నాన్నగారు ఏ పాత సామాన్ల కొట్లోనో కొని ఉంటారు."

"కొన్లేదు మేడం."

"మీకెలా తెలుసు?"

మక్బూల్ డ్రాయర్ తెరిచి కవరులోంచి ఒక ఫోటో తీశాడు. ఆమె ముందు పెట్టాడు.

స్టూడియోలో తీయించిన నలుపు తెలుపు ఫోటో. కుర్చీలో కోటు తొడుక్కున్న మనిషి. ఆయన ముఖంలో ఎడమ సగం కాలిపోయింది. చర్మం ముడుచుకుపోయి, చెవి ఉండాల్సిన చోట చిన్న కణుపు మిగిలింది. కోటు మీద ఇదే శిలువ. ఒళ్ళో గౌను తొడుక్కున్న పాప. ఫోటో తీసేటప్పుడు ఇటు చూడమంటే పిల్లలు చూడరు కదా, ఆ పాప కూడా చూడలేదు. తండ్రి ముఖంలో కాలిన వైపు తిరిగి, ఆ చెంప మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

సుకుమారి కాలిన సగాన్ని చేత్తో మూసింది. మిగిలిన సగం తన తండ్రి సాలమన్ ముఖం. అదే నుదురు. ఎప్పుడూ ఏదో ప్రశ్న అడుగుతున్నట్టు పైకి లేచే అదే కుడి కనుబొమ్మ. ఆ కనుబొమ్మ చూసి మిషన్ హైస్కూల్లో రెండు తరాల పిల్లలు బెదిరిపోయారు.

చెయ్యి తీసింది. మళ్ళీ మూసింది.

"ఆ పాప మా అమ్మి," అన్నాడు మక్బూల్. "పేరు మున్నీ. ఆయన మా నానా, అమ్మి వాళ్ల అబ్బా. బోధన్‌ల అందరూ పైలట్ సాబ్ అని పిలిచేటోళ్లు. మస్జిద్‌ల యూసుఫ్ అని రాసుకున్నరు. అసలు పేరు ఎడ్వర్డ్ అని మా ఇంట్లోళ్లకు తప్ప ఎవ్వరికి తెల్వది."

సుకుమారి ఫోటో మీద నుంచి తలెత్తింది. ఏదో అనాలని నోరు తెరిచేంతలో చేతిలో ఫోన్ మోగింది. తెర మీద 'నాన్నగారు'.

ఎత్తకపోతే కంగారు పడతారు. ఎత్తింది.

"అమ్మాయ్, డ్యూటీలో ఉన్నావా?" అన్నారు సాలమన్ మాస్టారు. ఎనభై దాటినా గొంతులో బడిగంట పోలేదు. మూడు నెలల వీసా మీద కూతురి దగ్గరికి వచ్చారు. గుండెకి స్టెంట్ వేసి ఇంకా ఏడాది కాలేదు. "రేపటి మాటలు అనుకుంటున్నాను. విమానం కూలిన దగ్గర ఆపేస్తాను. ఆ తర్వాతది ఎవరు చూశారు, చెప్పడానికి?"

"మీ ఇష్టం నాన్నా."

"గొంతేంటి అలా ఉంది?"

"ఏసీ పడలేదు. మీరు భోంచేశారా? పడుకోండి కాసేపు. ఎవరొచ్చినా తలుపు తియ్యకండి, నేను వచ్చేస్తాను."

"తలుపు తియ్యకపోతే ఎలా? ఫోటోలు పట్టుకొచ్చేవాళ్ళని ఇంటికే రమ్మని నువ్వే పెట్టావు కదా, అడ్రసుతో సహా," అని నవ్వి పెట్టేశారు.

మక్బూల్ అంతసేపూ వేరేవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టాక నెమ్మదిగా అడిగాడు.

"మామయ్యా?"

ఆ మాటకి సుకుమారికి ఒళ్ళు మండింది. "మీకు మామయ్య కాదు ఆయన. ఎవరో కాలిన మనిషి ఫోటో చూపించి వరసలు కలిపేస్తే ఎలా? అసలు మీకేం కావాలండి? రేపు సభలో స్టేజీ ఎక్కాలా?"

మక్బూల్ ముఖం చిన్నబోయింది. అయినా గొంతు పెంచలేదు.

"నాకేం వద్దు. నాకే కావాల్నంటే సీదా సభకే వొస్తుంటి. మిమ్మల్ని ఒక్కదాన్నే ఎందుకు పిలుస్త? మీ అబ్బాకు గుండె మంచిగ లేదని గ్రూపుల ఎవరో రాసిన్రు. ముందుగాల మీకు చెప్పాల్నని పిలిచిన."

ఆమెకి సిగ్గేసింది. కాని సారీ చెప్పడానికి నోరు రాలేదు. సారీ చెబితే ఆ మనిషి చెప్పిందంతా ఒప్పుకున్నట్టే.

"చెప్పండి," అంది చివరికి.

మక్బూల్ ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. తన తల్లి నోట ఎన్నోసార్లు విన్న కథ కాబట్టి ఎక్కడా తడుముకోలేదు.

"అరకాన్‌ల మన ఫౌజును జపానోళ్లు చుట్టుముట్టిన్రు. వాళ్ల ఫిరంగులు యాడున్నయో తెల్వది. మా నానా చెట్ల మీదికెళ్లి విమానం నడిపి, అవి యాడున్నయో చూసొచ్చి చెప్పిండు. రెక్కకు గుండ్లు తాకినా మళ్ల పోయిండు, మళ్ల పోయిండు. ఆఖరుసారి పోయినప్పుడు విమానం అంటుకున్నది."

ఇంతవరకూ సుకుమారికి తెలుసు. ప్రతి ఏటా ఆగస్టు పదిహేనున జెండా ఎత్తాక నాన్నగారు బడిపిల్లలకి చెప్పే కథే ఇది. అక్కడితోనే ఆపేవారు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

"ఇంటికి టెలిగ్రాం పోయింది, మనిషి లేడు, చచ్చిపోయినట్టే అని. చావలేదు. అడవిల కొండోళ్లు దాచిపెట్టి బతికించిన్రు. వానలు అయిపోయినంక మోసుకొచ్చి మనోళ్లకు అప్పజెప్పిన్రు. ఆయన విమానం ఇంజన్ చూసే ఫిట్టర్ గౌస్ మొహియుద్దీన్ అని మా బోధనాయన. దవాఖానల పక్కన కూసొని సేవ చేసింది ఆయనే. మొకం గట్ల అయింది కదా, ఇంటికి ఖబర్ చెయ్యొద్దని నానా ఒట్టు పెట్టిచ్చుకున్నడట. నేనే పోత, నేనే చెప్త అన్నడట. ఆ మెడల్ దవాఖాన నుంచి వచ్చినంకనే ఇచ్చిన్రు."

"మరి వెళ్ళలేదా?" అంది సుకుమారి.

"పోయిండు. జంగ్ అయిపోయినంక పోయిండు. నరసాపురంల రైలు దిగి, పడవ ఎక్కి ఊర్లకు పోయిండు. ముందుగాల చర్చికి పోయిండట దండం పెట్టుకుందామని. లోపట గోడకు ఆయన పేరే ఉన్నది. చదువుకున్నడు. చదువుకొని ఇంటికి పోయిండు. మీ నానమ్మ తలుపు తీసింది. సంకల పిలగాడు. ఈయన మొకం చూసి పిలగాడు జడుసుకొని ఒక్కతీరుగ ఏడ్సుడు మొదలువెట్టిండు. నానా తన పేరు చెప్పలే. 'ఎడ్వర్డ్ ఇల్లు ఇదేనా' అని అడిగిండట. ఆమె చాన సేపు చూసిందట. 'మా ఆయన చనిపోయారండి' అని తలుపు పెట్టింది."

"అబద్ధం," అంది సుకుమారి. "మా మామ్మ అలాంటిది కాదు. తెరెసమ్మ అంటే ఊరంతటికీ తెలుసు. ముష్టివాడినైనా గుమ్మంలోంచి పొమ్మనేది కాదు. ఇరవై ఏళ్ళకే తెల్లచీర కట్టి ఆ ఒక్క బిడ్డని పెంచింది. గుర్తుపట్టి ఉండదు ఆవిడ. ఆ ముఖం చూసి ఎవరు మాత్రం గుర్తుపడతారు?"

"గుర్తువట్టింది మేడం."

"ఎలా చెబుతారు?"

"తలుపు పెట్టినంక లోపట నుంచే ఒక మాట అన్నదట. నానా గుమ్మం కాడనే నిలబడి ఉన్నడు. మా అమ్మికి గా మాట మీ ఆంధ్రా తీరుగనే చెప్పెటోడు. అమ్మి గట్లనే నాకు చెప్పింది." మక్బూల్ తనది కాని యాసలో, పాఠం అప్పజెప్పినట్టు జాగ్రత్తగా పలికాడు. "'చీకటి పడకముందే రేవు దాటెయ్యండి. రాత్రిపూట పడవంటే మీకు భయం కదా.'"

సుకుమారికి ఆ భయం సంగతి తెలుసు.

ఆకాశంలో విమానం నడిపే మనిషికి చీకట్లో గోదావరి దాటడమంటే భయం. పడవ మధ్యలో కళ్ళు మూసుకుని మామ్మ కొంగు పట్టుకునేవారట. పెళ్ళయిన కొత్తలో సంగతి. మామ్మ ఎప్పుడైనా మనసు బాగున్నప్పుడు, పడుకునే ముందు, మనవరాలి చెవిలో చెప్పి నవ్వుకునేది. నాన్నగారికి చెప్పొద్దనేది, వీరుడి పరువు పోతుందని. ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. బోధన్‌లో పుట్టిన ఈ కళ్ళజోళ్ళాయనకి తెలిసే దారి లేదు.

ఇంకొకటి కూడా ఇప్పుడు ఆమెకి తట్టింది. మామ్మ బతికినన్నాళ్ళూ తాతగారు చనిపోయారన్న మాట ఇంట్లో వాళ్ళతో ఎప్పుడూ అనలేదు. ఊరంతా అనేది, నాన్నగారు అనేవారు. మామ్మ మాత్రం 'ఆయన రాలేదు' అనేది. పల్లెటూరి మనిషి, మాట తీరు అంతేననుకున్నారు అందరూ.

షట్టరు అవతల ఎవరో పిల్లవాణ్ణి కసురుకుంటూ వెళ్ళారు. సుకుమారి కర్చీఫ్ కోసం బ్యాగులో వెతికింది. కనిపించలేదు. మక్బూల్ కళ్ళద్దాలు తుడిచే కొత్త గుడ్డ ఒకటి కవరు చింపి ఇచ్చాడు. తీసుకుంది.

"ఎందుకలా చేసింది?" అంది. అడిగింది అతన్ని కాదు.

"నాకు తెల్వది. నానా అటే బోధన్‌ల గౌస్ తానికి పోయిండు, ఆడనే నికా చేసుకున్నడు. మీ నానమ్మ ఎందుకు గట్ల అన్నదో అమ్మికి తెలుసు. పాణం పోయే ముంగట నానా ఆమె ఒక్కదానికే చెప్పిండట. నేను ఎన్నిసార్లు అడిగినా చెప్పది. 'అన్నకే చెప్త' అంటది."

అన్న. ఆ మాట విని సుకుమారి తలెత్తింది. నాన్నగారు ఒంటరి మనిషి. అక్కచెల్లెళ్ళు లేరు, అన్నదమ్ములు లేరు. ప్రార్థనలో అందరూ తోబుట్టువుల పేర్లు చెప్పేటప్పుడు ఆయన తల దించుకుని మౌనంగా ఉండేవారు. మేనత్త అని పిలవడానికి సుకుమారికి జీవితంలో ఎవరూ లేరు. తన పెళ్ళిలో మేనత్త చెయ్యాల్సిన లాంఛనాలకి పక్కింటావిణ్ణి నిలబెట్టారు.

"మీ అమ్మగారు బోధన్‌లో ఉన్నారా?"

"ఇక్కడనే ఉన్నది. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌ల, మా ఇంట్ల. విజిట్ మీద వొచ్చింది. మీరు గ్రూపుల పెట్టిన మెసేజ్‌ల మీ అబ్బా ఫోటో ఉన్నది కదా, మా ఆవిడ మెహ్విష్ అది చూపెట్టింది. అమ్మి ఫోన్ చేతుల పట్టుకొని కూసున్నది, మళ్ల ఇయ్యలే. ఈ మెడల్ అమ్మి అన్నకే దక్కాలె మేడం. 'నా కొడుకుది' అని నానా చెప్పి పోయిండు. అమ్మి తన చేతులతోనే అన్నకు ఇస్తదట. గిదొక్కటే ఆమె మనసుల ఉన్నది."

సుకుమారి లేచి నిలబడింది. మెడల్ ఆమె చేతిలోనే ఉంది. దాన్ని మక్బూల్ ముందు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ బల్లకి ఆనించింది.

"వినండి మక్బూల్‌గారూ. రేపు సభ. మూడు వందల మంది ముందు మా నాన్నగారు లేచి, వీరుడి కొడుకునని చెప్పుకుంటారు. ఆయన బతుకంతా ఆ మాట మీద నిలబడి బతికారు. బళ్ళో పిల్లలకి చెప్పింది అదే, మాకు చెప్పింది అదే. ఆ తండ్రి గుమ్మం దాకా వచ్చారని, తన ఏడుపు విని వెళ్ళిపోయారని, తల్లి తలుపు వేసిందని ఈ వయసులో చెబితే ఆయన ఏమైపోతారు? మా ఆయన సముద్రం మధ్య ఆఫ్‌షోర్ డ్యూటీలో ఉన్నారు. ఇంట్లో నాన్నగారూ నేనే. ఏదైనా అయితే నేనేం చెయ్యను?"

"నేను కాదంటలేను."

"సభ అవ్వనివ్వండి. ఊరు వెళ్ళేలోగా నేనే మెల్లగా, సమయం చూసి చెబుతాను. డాక్టర్ని అడిగి చెబుతాను. అప్పటిదాకా మీ అమ్మగారిని ఆపండి. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"అయ్యో, గట్ల అనొద్దు అక్కా," అన్నాడు మక్బూల్. మేడం పోయి అక్క వచ్చిన సంగతి ఇద్దరూ గమనించనట్టే ఊరుకున్నారు. "రేపటిదాంక ఆగుమని పొద్దుగాలనే చెప్పిన. సరే అన్నది. మళ్లొకసారి చెప్త, మీ ముంగటనే."

ఫోన్ తీసి ఇంటికి చేశాడు. స్పీకర్‌లో పెట్టాడు. మెహ్విష్ ఎత్తింది. అతను దఖ్నీ ఉర్దూలో అమ్మికి ఫోన్ ఇవ్వమన్నాడు. అవతల నుంచి వచ్చిన జవాబు సుకుమారికి సగమే అర్థమైంది. కాని మక్బూల్ ముఖం చూస్తే మిగతా సగం తెలిసిపోయింది.

"ఏమన్నారు?"

"అమ్మి ఇంట్ల లేదు. నమాజ్ చేసుకొని, మంచి బట్టలు కట్టుకొని, మా పెద్దోడు ఫుర్ఖాన్‌ను కారు తియ్యమన్నదట. దవాఖానకు అని చెప్పిందట."

"ఏ దవాఖాన?"

"అమ్మికి ఈడ ఏ దవాఖాన లేదు."

సుకుమారి అప్పటికే తండ్రికి ఫోన్ చేస్తోంది. మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అలాగే మోగి ఆగిపోయింది. పడుకుని ఉంటారు, అంతే, అనుకుంది. పడుకోమని తనే చెప్పింది కదా. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఫోన్ తల దగ్గరే పెట్టుకుంటారని కూడా ఆమెకి తెలుసు.

మక్బూల్ కొడుక్కి చేశాడు. ఫుర్ఖాన్ ఫోన్ స్విచాఫ్ వచ్చింది.

"నడువుండ్రి, కారు ఎనకనే ఉన్నది," అన్నాడు మక్బూల్. మెడల్‌ని, ఫోటోని ఒక్క చేత్తో తీసి చొక్కా జేబులో వేసుకుని, ఇంకో చేత్తో షట్టరు ఎత్తాడు.

అల్ సద్ నుంచి సుకుమారి ఉండే ఫరీజ్ బిన్ మహమూద్ ఎంతో దూరం లేదు. మామూలు రోజుల్లో ఇక్కడి క్లినిక్‌లో డ్యూటీ దిగి నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. ఈ రోజు వారాంతం ముందు రోజు. బడి బస్సులూ, ఆఫీసు కార్లూ అన్నీ ఒక్కసారే రోడ్డెక్కాయి. రమదా సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. పచ్చ వచ్చింది, ముందు కార్లు కదల్లేదు. మళ్ళీ ఎర్ర పడింది. సుకుమారి ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. కిందటి మార్చిలో నాన్నగారు బాత్రూం గుమ్మంలో కూలబడిపోయినప్పుడు ఆయన పెదవులు ఎలా నీలంగా మారాయో కళ్ళ ముందు కదిలింది. వద్దు, వద్దు అనుకుంటూ కిటికీ బయటికి చూసింది. బయట ఏముందో కనపడలేదు.

"అమ్మి మంచిగనే మాట్లాడుతది అక్కా," అన్నాడు మక్బూల్, స్టీరింగ్ మీద వేళ్ళు కొట్టుకుంటూ. "గట్టిగ మాట్లాడది. ఎవ్వర్ని నొప్పియ్యది."

"ఆవిడ ఎలా చెప్పినా చెప్పేది అదే కదా," అంది సుకుమారి.

పచ్చ లైటు పడగానే మక్బూల్ కారు ముందుకు దూకించాడు.

బిల్డింగ్ ముందు కారు ఆగీ ఆగకముందే దిగి పరిగెత్తింది. లిఫ్ట్ పై అంతస్తులో ఉంది. ఆగలేక మెట్లెక్కింది. వెనక మక్బూల్ అడుగుల చప్పుడు వినిపిస్తోంది. మూడో అంతస్తు చేరేసరికి ఆయాసంతో కళ్ళు చీకట్లు కమ్మాయి.

ఫ్లాట్ తలుపు దగ్గరగా వేసి ఉంది, తాళం లేదు. తోసింది.

"నాన్నా."

హాల్లో ఎవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది. పడకగదిలో మంచం మీద దుప్పటి మడత కూడా చెదరలేదు. రేపటికని ఇస్త్రీ చేయించి తలుపుకి తగిలించిన నల్ల కోటు అక్కడ లేదు, ఉత్త హ్యాంగర్ ఊగుతోంది. బాత్రూం తలుపు తెరిచి చూసింది. వంటింట్లో చూసింది. డైనింగ్ టేబుల్ మీద మధ్యాహ్నం వేసుకోవాల్సిన గుండె మాత్రలు చిన్న గిన్నెలో అలాగే ఉన్నాయి. పక్కన గ్లాసుతో మంచినీళ్ళు, మూత పెట్టి. ఆ పక్కన ఆయన ఫోన్. తన పేరు మీద ఎన్నిసార్లు మోగి ఆగిపోయిందో తెర మీద చూపిస్తోంది.

మక్బూల్ గుమ్మంలోనే ఆగిపోయాడు, లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు.

ఎదుటి ఫ్లాట్ తలుపు తెరుచుకుంది. అరుంధతిగారు, విజయనగరం ఆవిడ, చేతికి పిండి అంటుకుని బయటికి వచ్చింది. మాస్టారికి రోజూ సాయంత్రం కాలక్షేపం ఆవిడతోనే.

"ఏటమ్మా సుకుమారి, అలగ వగరుస్తున్నావు? మాస్టారి కోసమా? మీ బంధువులావిడతో ఇప్పుడే కిందకి దిగేరు. కారు తెచ్చుకున్నారు."

"ఎవరండి? ఏ బంధువు?"

"పేరు తెలీదమ్మా. ముసల్మానులావిడలాగ తల మీద ముసుగేసుకుంది గాని, ముఖం మాత్రం అచ్చుగుద్దినట్టు మాస్టారిదే. ఆ కనుబొమ్మ చూసి నేనే తెల్లబోయేను. మీ మేనత్తగారేమో అనుకున్నాను."

"నాన్నగారు ఎలా ఉన్నారు? ఆవిడ ఏం చెప్పింది ఆయనతో? కళ్ళు తిరిగాయా, చెమట పట్టిందా?"

"అబ్బే, అలాటిదేం లేదు. నేను గుమ్మంలోనే ఉన్నాను కదా, అంతా చూసేను. ఆవిడ అసలు నోరే విప్పలేదు. మాస్టారు తలుపు తీసి, ఆవిడ ముఖం కేసి చాలాసేపు అలగే చూసేరు. లోపలికెళ్ళి కోటేసుకుని వచ్చేరు. ఆవిడెవరని అడగలేదు, ఎందుకొచ్చేవని అడగలేదు." అరుంధతిగారు చేతిమీది పిండి దులుపుకుంటూ ఒకసారి మక్బూల్‌ని ఎగాదిగా చూసి, గొంతు తగ్గించింది. "ఒక్క మాటే అడిగేరు. నాకు అర్థం కాలేదమ్మా, రేపు ఆయన పేరునే కదా సభ. 'ఇన్నాళ్ళకి నాన్నగారు పంపించారా?' అన్నారు."